వదలడం తెలిసిన వాహకం

డీఎన్‌ఏను కణంలోకి పంపడంలో మొదటి చిక్కు ఆవేశాలది. ప్రతి బేస్ జంటకూ రెండు ఫాస్ఫేట్లు, ఒక్కో ఫాస్ఫేటుకూ ఒక రుణావేశం. జన్యువును మోసే గుండ్రటి డీఎన్‌ఏ ముక్క ప్లాస్మిడ్‌లో 5,000 జంటలుంటే 10,000 రుణావేశాలు. విప్పి కొలిస్తే 1.7 మైక్రాన్ల పొడవు. కణం పైపొర కూడా రుణావేశంతోనే ఉంటుంది కాబట్టి రెండిటికీ ఎడమొహం పెడమొహం. ఆ పొర మందం నాలుగైదు నానోమీటర్లే అయినా లోపలంతా కొవ్వు. నీళ్ళను ఇష్టపడే డీఎన్‌ఏకు అందులోంచి దారి దొరకదు. వైరస్‌లు ఈ పనిలో ఆరితేరినవే. కానీ వాటిని వాహకాలుగా వాడితే శరీరం గుర్తుపట్టి ఎదురు తిరుగుతుంది, రెండోసారి ఇవ్వడం కష్టమవుతుంది, మోయగల జన్యువు పొడవుకూ హద్దు ఉంటుంది. అందుకే రసాయన శాస్త్రజ్ఞులు దాదాపు నలభై ఏళ్ళుగా వైరస్ అవసరం లేని వాహకాన్ని తయారు చేయడానికి కుస్తీ పడుతున్నారు.

దూరం నుంచి చూసేవాళ్ళకు మోయడమే గొప్పగా కనిపిస్తుంది. నా లెక్కలో అసలు పనితనం అక్కడ లేదు. డీఎన్‌ఏను గట్టిగా పట్టుకునే అణువులు కావలసినన్ని ఉన్నాయి. సరైన చోట, సరైన వేళకు దాన్ని విడిచిపెట్టి, ఆ తరువాత కణానికి బరువు కాకుండా తానూ ముక్కలై పోయే అణువును చేయడమే విద్య. ఈ రంగంలో విషగుణం అనే మాట ఎక్కడ వినిపించినా దాని వెనుక ఉన్నది చాలావరకు వదలని పట్టే.

కథ 1987లో మొదలవుతుంది. అప్పటిదాకా లైపోజోములతో పని చేసేవాళ్ళు డీఎన్‌ఏను కొవ్వు బుడగ లోపల బంధించాలని తంటాలు పడేవారు. అంత పొడవాటి అణువు అంత చిన్న బుడగలోకి సరిగా ఎక్కేది కాదు. కాలిఫోర్నియాలోని సింటెక్స్ కంపెనీలో ఫిలిప్ ఫెల్గ్నర్ బృందం ఆ శ్రమనే పక్కన పెట్టింది. ధనావేశం ఉన్న కొవ్వును తయారు చేసి డీఎన్‌ఏతో ఊరికే కలిపింది. వ్యతిరేక ఆవేశాలు కదా, వాటంతట అవే అతుక్కున్నాయి. ఆ కొవ్వు పేరు డోట్మా. సగానికి సగం డోప్ అనే మరో కొవ్వు కలిపి అమ్మకానికి వచ్చిన సరుకు లైపోఫెక్టిన్. ప్రయోగశాలల్లో రోజూ వినిపించే లైపోఫెక్షన్ అనే మాట ఆ పత్రంతోనే వచ్చింది.

డోట్మా బొమ్మను కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే తరువాత వచ్చినవాళ్ళందరూ మార్చింది ఈ బొమ్మనే. పైన తల: నాలుగు కార్బన్‌లతో ముడిపడిన నైట్రోజన్. దాని ధనావేశం ఆమ్లంలో ఉన్నా క్షారంలో ఉన్నా పోదు. కింద రెండు తోకలు, ఒక్కోదానిలో 18 కార్బన్‌లు, మధ్యలో ఒక ద్విబంధం. తలనూ తోకలనూ కలిపేది గ్లిసరాల్ లాంటి చిన్న వెన్ను, రెండు ఈథర్ బంధాలు. తల డీఎన్‌ఏను పట్టుకుంటుంది, తోకలు కణపొరలో కలుస్తాయి. రెండు పనులూ చక్కగా జరుగుతాయి. మూడో పనిని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. ఈథర్ బంధాన్ని కణం తేలిగ్గా తెంచలేదు. పని అయిపోయాక కూడా డోట్మా అక్కడే, ఆరని ధనావేశంతో, కణం సొంత పొరలను కెలుకుతూ ఉండిపోతుంది. మోతాదు పెరిగితే కణాలు చస్తాయి.

మూడేళ్ళకే, 1990లో, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుంచి లెవెంటిస్, సిల్వియస్ అనే ఇద్దరు డోటాప్‌ను పరిచయం చేశారు. పక్కపక్కన పెట్టి చూస్తే కవలల్లా ఉంటాయి. అదే తల, అదే పొడవు తోకలు. ఈథర్ ఉన్న చోట ఎస్టర్ వచ్చింది, అంతే. కానీ మన వంటనూనెల్లో కొవ్వు ఆమ్లాలను గ్లిసరాల్‌కు కట్టి ఉంచేది సరిగ్గా ఈ బంధమే. దాన్ని తెంచే ఎంజైములు ప్రతి కణంలోనూ ఉన్నాయి. దర్జీ ముందు కచ్చా కుట్టు వేసి, పక్కా కుట్టు పడ్డాక ఆ దారాన్ని లాగేస్తాడు. డోటాప్‌లో ఎస్టర్ అలాంటి కుట్టు. ఊడిపోవడం దాని లోపం కాదు, దాని ఉద్యోగం. మరీ తొందరగా ఊడితే వాహకం దారిలోనే విడిపోతుంది, మరీ ఆలస్యమైతే డోట్మా గతే. ఆ మధ్య ఎక్కడ ఆగాలన్న ప్రశ్న ఇప్పటికీ ముగియలేదు.

మరుసటి ఏడాది లీఫ్ హువాంగ్ బృందం మరో వైపు నుంచి వచ్చింది. తోకలుగా రెండు గొలుసులెందుకు, కణపొరలో ఎప్పుడూ ఉండే కొలెస్టరాల్‌నే లంగరుగా వాడితే పోలేదా అన్నది వారి ఆలోచన. మధ్యలో కార్బమేట్ బంధం పెట్టారు. అది ఎస్టర్ కన్నా నిలకడైనది, ఈథర్ అంత మొండిది కాదు. తలలో నాలుగు చేతుల నైట్రోజన్‌కు బదులు మూడు చేతులది. ఈ చివరి మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ తెలివైనది. శాశ్వత ధనావేశం ఉన్న తలలు కణంలో సంకేతాలు మోసే ప్రోటీన్ కైనేజ్-సి అనే ఎంజైమును అణచివేస్తాయని, మూడు చేతుల తలలు ఆ పని తక్కువగా చేస్తాయని ఇదే బృందం తరువాత చూపింది. విషగుణం అంటే పొరకు చిల్లులు పడటమే అనుకునే రోజుల్లో ఇది లోచూపు. డీసీ-కొల్ అనే ఆ అణువు మనుషులపై ప్రయోగాల దాకా వెళ్ళింది. 1995లో లండన్‌లో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధి ఉన్న రోగుల ముక్కుపొరలోకి జన్యువును మోసింది.

ఇంతకీ డీఎన్‌ఏ ఎలా విడుదలవుతుంది? చాలా ఏళ్ళు ఈ ప్రశ్నకు ఊహలే జవాబు. కలిపిన ముద్ద లోపల ఏముందో 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరాలో సైరస్ సఫిన్యా బృందం ఎక్స్-కిరణాలతో చూసింది. కొవ్వు పొరలు ఒకదానిపై ఒకటి, ప్రతి రెండు పొరల నడుమ సమాన దూరాల్లో పడుకోబెట్టినట్టు డీఎన్‌ఏ కడ్డీలు. డోప్ పాలు పెంచితే ఆ అమరిక మారిపోయి, ఒక్కో డీఎన్‌ఏ కడ్డీ చుట్టూ కొవ్వు గొట్టం ఏర్పడి, గొట్టాలన్నీ షడ్భుజాలుగా పేర్చుకుంటున్నాయని మరుసటి ఏడాది అదే బృందం చెప్పింది. డోప్‌కు తల చిన్నది, తోకలు విచ్చుకుని ఉంటాయి, కాబట్టి అది చదునైన పొరలో కుదురుగా ఉండలేదు. ఆ కుదురులేనితనమే వరం. కణం వాహకాన్ని మింగి ఉంచిన తిత్తి గోడను తాకగానే ఈ గొట్టాల అమరిక దానితో కలిసిపోతుంది.

విడుదల సంగతిని ఫ్రాన్సిస్ జోకా బృందం 1996లో విప్పింది. తిత్తి గోడకు బయటి వైపు, అంటే కణద్రవం వైపు, కణం సొంత రుణావేశ కొవ్వులుంటాయి. వాహకం లోపలినుంచి గోడను తాకినప్పుడు ఆ కొవ్వులు ఇటు దొర్లి వచ్చి, ధనావేశ కొవ్వులతో జతకడతాయి. అప్పటిదాకా ఆ చోటు ఆక్రమించుకున్న డీఎన్‌ఏ బయటికి నెట్టబడుతుంది. అంటే తాళం తీసేది కణమే. వాహకం చేసేవాడు చేయాల్సిందల్లా ఆ తాళం బిగుసుకుపోకుండా చూడటం.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన పనికి వస్తాను. ఇది కొవ్వుతో మొదలు కాలేదు, పాలీఇథిలీన్ఇమైన్ అనే పాలిమర్‌తో మొదలైంది. ఈ పీఈఐ కాగితపు మిల్లుల్లో, నీటి శుద్ధిలో వాడే సరుకు. గొలుసులో ప్రతి మూడో పరమాణువూ నైట్రోజనే. 1995లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్‌లో జాఁ-పాల్ బేర్ బృందం ఇది డీఎన్‌ఏను అద్భుతంగా మోస్తుందని చూపింది. ఆ నైట్రోజన్‌లలో మామూలు స్థితిలో ప్రోటాన్ పట్టేవి కొన్నే. తిత్తి ఆమ్లంగా మారుతుంటే మిగతావి ఒక్కొక్కటే ప్రోటాన్‌లను పీల్చుకుంటాయి, లోపలికి నీరు చేరి తిత్తి పగులుతుంది అన్నది వారి వివరణ. నిజంగా పగులుతుందా లేదా అని వాదన ఇప్పటికీ నడుస్తోంది. డీఎన్‌ఏ మాత్రం బయటపడుతుంది.

చిక్కు బరువు దగ్గర వచ్చింది. 25,000 డాల్టన్‌ల పీఈఐలో సుమారు 580 నైట్రోజన్‌లు. అది డీఎన్‌ఏను బ్రహ్మాండంగా పట్టుకుంటుంది, కణాలను కూడా బ్రహ్మాండంగా చంపుతుంది. 2,000 డాల్టన్‌లదానిలో నైట్రోజన్‌లు నలభై ఆరుకు మించవు. అది ఎవరినీ చంపదు, దాదాపు ఏ పనీ చేయదు. సామర్థ్యమూ విషమూ ఒకే చోటినుంచి పుడుతున్నప్పుడు ఒకటి ఉంచుకుని రెండోది వదిలించుకోవడం ఎలా?

కెనడా ఎడ్మంటన్‌లోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో హసన్ ఉలుదాగ్ బృందం చిన్నదాన్నే పట్టుకుంది. దానికి ఆవేశం పెంచలేదు, కొవ్వు తగిలించింది. పద్ధతి పాఠ్యపుస్తకాల్లో ఉండేదే: కొవ్వు ఆమ్లపు క్లోరైడును పీఈఐలోని అమైన్‌తో చర్య జరిపిస్తే అమైడ్ ఏర్పడుతుంది. ఇందులో ఒక లెక్క దాగి ఉంది. అతికిన ప్రతి కొవ్వూ ఒక అమైన్‌ను తినేస్తుంది. అంటే పట్టు పెంచడానికి చేసిన పనే ధనావేశాన్ని తగ్గిస్తోంది. డీఎన్‌ఏను పట్టి ఉంచే బరువులో కొంత ఆవేశం భుజం మీదినుంచి దించి, కొవ్వు తోకలు ఒకదాన్నొకటి వెతుక్కునే గుణం మీద పెట్టారన్నమాట. చిన్న పీఈఐలు ఆ తోకల సాయంతో గుంపుగా కట్టుబడి ఉంటాయి. అదే తోకలు కణపొరతో స్నేహం కూడా చేస్తాయి. కానీ ఒక్కొక్క ముక్క చిన్నదే కాబట్టి పెద్ద పీఈఐ లాగా ఉడుంపట్టు పట్టదు.

2009లో ఈ బృందం ప్రచురించిన పత్రంలో నన్ను ఆకట్టుకున్నది ఫలితం కన్నా క్రమం. పీఈఐ అదే, రసాయన చర్య అదే. మార్చింది తోకను. ముందు పొడవు: 8 కార్బన్‌ల కాప్రిలిక్, తరువాత 14, 16, 18. ఆపైన పొడవును 18 దగ్గరే నిలిపి ద్విబంధాలు మార్చారు: ఒకటీ లేని స్టియరిక్, ఒకటున్న ఓలియిక్, రెండున్న లినోలియిక్. ఒక్కో తోకనూ ఎంతెంత అతికించారో కొలిచి, దానికి ఎదురుగా జన్యువు ఎంత పనిచేసిందో రాశారు. ఇలా ఒక్కసారికి ఒక్కటే మార్చే ఓపిక ఈ రంగంలో ప్రతిచోటా ఉండదు. తలా తోకా వాటిని కలిపే బంధమూ మూడూ ఒకేసారి మార్చి, మెరుగైంది అని చాటుకునే పత్రాలు కుప్పలు. మెరుగైతే అయ్యుండవచ్చు, దేనివల్ల అయిందో ఎవరికి తెలుసు?

పందెంలో గెలిచింది లినోలియిక్. ఎందుకో చూడాలంటే కరిగే ఉష్ణోగ్రతలు చాలు. మూడూ 18 కార్బన్‌లవే. స్టియరిక్ 69 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే గదిలో గట్టి మైనం. ఓలియిక్ సుమారు 13 డిగ్రీల దగ్గర. లినోలియిక్ సున్నాకు 5 డిగ్రీల దిగువన కూడా ద్రవమే. ఒక్కో ద్విబంధం గొలుసును ఒక చోట వంచుతుంది. వంకర గొలుసులు పక్కపక్కన బిగుతుగా సర్దుకోలేవు. వాహకంలో అవి వదులుగా, కదలికతో ఉంటాయి, తిత్తి గోడలో కలవడానికి సిద్ధంగా ఉంటాయి, డీఎన్‌ఏను బిగించి కూర్చోవు. ఇదే లినోలియిక్ ఆమ్లం నువ్వుల నూనెలో, పొద్దుతిరుగుడు నూనెలో దండిగా ఉంది. మన శరీరం దాన్ని తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. వస్తే ఏం చేయాలో ప్రతి కణానికీ తెలుసు. విషం కాని వాహకం చేయాలనుకునేవాడికి ఇంతకన్నా మంచి ముడిసరుకు ఏం కావాలి?

విచిత్రమేమిటంటే అదే కెనడాకు పడమటి కొసన, వాంకూవర్ పక్కన బర్నబీలోని ప్రోటివా కంపెనీ పరిశోధకులు అంతకు నాలుగేళ్ళ ముందే, పాలిమర్‌తో సంబంధం లేకుండా, చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కల కోసం కొవ్వులు చేస్తూ ఇలాంటి వరసే వేశారు. ద్విబంధాలు సున్నా, ఒకటి, రెండు, మూడు. వాళ్ళకూ రెండు దగ్గరే పని కుదిరింది. సరుకు వేరు, వాహకం వేరు, జవాబు మాత్రం లినోలియిక్ తోకే. రెండు వేరు వేరు దారులు ఒకే చోట కలిస్తే అది కాకతాళీయం అనుకోను.

మన దగ్గరా ఈ పని జరిగింది, చిన్న పనేం కాదు. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఐఐసీటీలో అరబిందా చౌధురి బృందం అదే ఊళ్ళోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రజ్ఞులతో కలిసి 1999లోనే గ్లిసరాల్ వెన్ను లేని ధనావేశ కొవ్వులను తయారు చేసింది. డోట్మానుంచి అందరూ ప్రశ్నించకుండా మోస్తూ వచ్చిన ఆ వెన్ను అసలు అవసరమా అని అడగడమే అందులో విశేషం. తరువాత ఇదే బృందం తల భాగంలో షికిమిక్ ఆమ్లాన్ని పెట్టింది. ఇది బిర్యానీలో వేసే అనాసపువ్వులో దొరికే పదార్థం. రోగనిరోధక వ్యవస్థలోని డెండ్రిటిక్ కణాల మీద మానోస్ చక్కెరను పట్టుకునే గ్రాహకాలుంటాయి. షికిమిక్ తలను చూసి అవి మానోస్ అనుకుంటాయి. వాహకానికి చిరునామా రాయడం ఇది.

వరంగల్ ఎన్‌ఐటీలో శ్రీలక్ష్మి పత్రి బృందం లంగరుగా టోకోఫెరాల్‌ను, అంటే విటమిన్-ఈని ఎంచుకుంది. 2011 నుంచి వచ్చిన వారి పత్రాల్లో తల మారుతుంది, వెన్ను మారుతుంది, టోకోఫెరాల్ మాత్రం నిలకడగా ఉంటుంది. కొలెస్టరాల్‌తో హువాంగ్ చేసిన ఆలోచనకు ఇది దగ్గరి బంధువే అయినా ఒక అడుగు ముందుకు వేసింది: శరీరానికి తెలిసిన పదార్థమే కాకుండా, శరీరానికి మేలు చేసే పదార్థాన్ని వాహకంలో భాగం చేయడం. ఈ పత్రాల గురించి తెలుగులో ఎక్కడైనా నాలుగు మాటలు రాస్తే బాగుండేది.

తల విషయంలో చివరి మలుపు వాంకూవర్‌లోని పీటర్ కల్లిస్ వర్గానిది. శాశ్వత ధనావేశమే విషానికి మూలమైతే, అవసరమైనప్పుడు మాత్రమే ఆవేశం వచ్చే తల ఎందుకు చేయకూడదు? రక్తం పీహెచ్ 7.4 దగ్గర తటస్థం. తిత్తి ఆమ్లమయ్యేసరికి ధనావేశం. ఎమ్‌సీ3 అనే లిపిడ్‌లో, అంటే కొవ్వులో, ఈ మార్పు పీహెచ్ 6.44 దగ్గర జరుగుతుంది. రెండు తోకలూ లినోలియిక్‌వే. 2018 ఆగస్టులో అమెరికాలో అనుమతి పొందిన పటిసిరాన్ అనే మందు దీనిమీదే ప్రయాణించింది. 2020 చివర వచ్చిన ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాల లిపిడ్‌లలో ఇలాంటి తలతో పాటు తోకల్లో ఎస్టర్ బంధాలు ఉన్నాయి. 1990నాటి ఆ కుట్టు కోట్లమంది భుజాల్లోకి వెళ్ళి, ఊడిపోయి, జీర్ణమైపోయింది.

అయితే అవి మోసింది ఆర్‌ఎన్‌ఏను. దానికి కణద్రవం చేరితే చాలు. డీఎన్‌ఏకు ఇంకో గడప ఉంది, కేంద్రకం. కణం విభజన చెందేటప్పుడు కేంద్రకపు పొర కరిగినప్పుడు తప్ప ప్లాస్మిడ్ లోపలికి వెళ్ళడం దుర్లభం. అందుకే గాజు పళ్ళెంలో చకచకా విభజన చెందే కణాల్లో మెరిసిన వాహకాలు ఊపిరితిత్తిలో చతికిలబడతాయి. బ్రిటన్‌లో సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులకు నెలకోసారి, ఏడాదిపాటు, లిపిడ్‌తో కలిపిన ప్లాస్మిడ్‌ను సన్నటి తుంపరగా పీల్పించి చూసిన ప్రయోగం ఫలితాలు 2015లో వచ్చాయి. ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో పోలిస్తే ఊపిరితిత్తుల పనితీరులో తేడా 3.7 శాతం. తేడా ఉందని ఒప్పుకోవాలి, చాలదనీ ఒప్పుకోవాలి. 2021లో మన దేశంలో అత్యవసర అనుమతి పొందిన జైడస్ వారి డీఎన్‌ఏ టీకా జైకోవ్-డి అసలు లిపిడ్ జోలికే పోలేదు. సూది లేని పరికరంతో ప్లాస్మిడ్‌ను చర్మంలోకి చిమ్మారు.

విషం గురించి కూడా కొత్త సంగతి బయటపడింది. కణద్రవంలో డీఎన్‌ఏ కనిపిస్తే కణం దాన్ని వైరస్ చొరబాటుగా భావించి స్టింగ్ అనే మార్గంలో గంట మోగిస్తుంది. అంటే వాహకం ఎంత అమాయకమైనదైనా సరుకే గొడవ తెస్తుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం బృందం ఎలుకల్లో ఇది చూసింది: మామూలు లిపిడ్ నానోకణాల్లో, అంటే అతి చిన్న కొవ్వు ఉండల్లో, ప్లాస్మిడ్ ఇస్తే అవి చనిపోయాయి. శరీరంలో సహజంగా ఉండే నైట్రో-ఓలియిక్ ఆమ్లాన్ని అదే నానోకణంలో కలిపితే మరణాలు ఆగాయి, ఎందుకంటే అది స్టింగ్‌ను అణుస్తుంది. ఇక్కడా మందు కొవ్వు ఆమ్లమే కావడం నాకు ముచ్చటగా అనిపించింది. తోకగా పనికొచ్చిన జాతి ఇప్పుడు కాపలాదారుగా కూడా పనికొస్తోంది.

రసాయన శాస్త్రం చదువుతున్న పిల్లలకు ఒక మాట. ఇలాంటి పత్రం చేతికొచ్చినప్పుడు, జన్యువు పనిచేసిందని చూపడానికి పెట్టే, ఆకుపచ్చగా మెరిసే కణాల ఫొటో దగ్గర ఆగిపోకండి. పసుపు రంగు ఎమ్‌టీటీ ద్రావణాన్ని బతికిన కణాలు ఊదాగా మార్చే పరీక్ష ఒకటుంటుంది, దాని గ్రాఫు వెతకండి. జన్యువు బాగా పనిచేసిన మోతాదూ, కణాలు బతికిన మోతాదూ ఒకటేనా అన్నది మొదట చూడండి. కణాలను రక్తరసం ఉన్న ద్రావణంలో పెంచారా, లేకుండానా అన్నది తరువాత. ఈ రెండిటికీ సూటిగా జవాబు చెప్పిన పత్రమైతే అణువు బొమ్మ ముందు పెట్టుకుని తీరిగ్గా కూర్చోండి.